కత్తీ, మంత్రం... రెండూ ఒకే చేతిలో!

కొండ గుహ. ముందు మంటలు, వెనక కపాలాలు. గడ్డం మాంత్రికుడు దండం ఎత్తాడు. ఎదురుగా కత్తి దూసిన రాకుమారుడు. పక్కనే గజగజ వణికిపోతూ హాస్యగాడు... ఈ సీను తెరమీద పడితే చాలు, ఒకప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ టూరింగు టాకీసుల్లో నేల టిక్కెట్టు వాళ్లు లేచి నిలబడి ఈలలు వేసేవారు!

ఆ కత్తి పట్టిన చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా? మన నల్లగొండ బిడ్డ కాంతారావుగారిది. 1923లో కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారాయన. అప్పుడది నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలు విడదీశాక సూర్యాపేట జిల్లా అయింది. 1953లో హెచ్.ఎం. రెడ్డిగారి 'ప్రతిజ్ఞ'తో కథానాయకుడయ్యారు. ఆ తర్వాత జానపద చిత్రాల్లో ఎన్ని కత్తియుద్ధాలు చేశారంటే, జనం ఆయన పేరు ముందు కత్తిని శాశ్వతంగా తగిలించేశారు. కత్తి పక్కన పెట్టి చిడతలు పట్టుకుంటే ఆయనే నారదుడు. 1963లో వచ్చిన 'లవకుశ'లో ఆయనే లక్ష్మణుడు. అదే ఏడు విఠలాచార్యగారి 'గురువును మించిన శిష్యుడు'లో మళ్లీ కత్తి!

ఒకే మనిషి, రెండు మూడు విద్యలు. ఏ విద్య చేసినా జనం నమ్మారు. అదెలా సాధ్యం? సరిగ్గా ఈ ప్రశ్నే ఇవాళ కంప్యూటరు ముందు కూర్చున్న మన కుర్రకారును వేధిస్తోంది. ఎందుకంటారా? చిత్తగించండి.

హీరో మీరే, డైరెక్టరూ మీరే!

బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ వాళ్లు 2023 ఆగస్టు 3న 'బాల్డర్స్ గేట్ 3' అనే గేమును విడుదల చేశారు. ఆ ఏడాది డిసెంబరులో 'ది గేమ్ అవార్డ్స్' వేడుకలో అదే ఉత్తమ గేమ్. చూస్తే అచ్చం మన జానపద చిత్రమే! రాక్షసులు, మాంత్రికులు, శాపాలు, పాతాళ గుహలు, రక్తం తాగే అందగాడు, తల లోపల పురుగు దూరిన వీరులు... తేడా ఒక్కటే. ఇక్కడ కథానాయకుణ్ణి తయారు చేసేది మీరు. అతడి వెంట ముగ్గురు. మొత్తం నలుగురి జట్టు.

పాత్రలకు మూలంలో 12 క్లాసులు. ఫైటరంటే కత్తివీరుడు. విజార్డంటే గ్రంథాలు చదివి మంత్రం నేర్చినవాడు. సార్సరరంటే పుట్టుకతోనే మంత్రం ఒంట్లో ఉన్నవాడు. రోగ్ తాళాలు తీసే చేతివాటం మనిషి. క్లెరిక్ దేవుణ్ణి కొలిచి గాయాలు మాన్పుతాడు. పలాడిన్ ప్రమాణానికి కట్టుబడ్డ ధర్మవీరుడు. ఒట్టి చేతులతో కొట్టేవాడు మాంక్, కోపమే ఆయుధమైనవాడు బార్బేరియన్... ఇలా.

అనుభవం పెరిగేకొద్దీ పాత్ర ఒక్కో మెట్టు ఎక్కుతుంది. గరిష్ఠం 12 మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా గేము ఒక ప్రశ్న అడుగుతుంది: ఉన్న క్లాసులోనే ఇంకో మెట్టా, లేక కొత్త క్లాసులో మొదటి మెట్టా? రెండోది ఎంచుకుంటే దానిపేరే మల్టీక్లాస్. మన భాషలో చెప్పాలంటే డబుల్ యాక్షన్! (బాగా సులువైన 'ఎక్స్‌ప్లోరర్' పద్ధతిలో మాత్రం ఈ అవకాశం ఉండదు.)

వినడానికి ఎంత బాగుందో చూశారా! కత్తీ తిప్పొచ్చు, మంత్రమూ వేయొచ్చు, తాళమూ తీయొచ్చు. ఆశ పుట్టక ఏం చేస్తుంది? మాకూ పుట్టింది. మునిగాం.

వంతెన మీద విషాదాంతం

మేం నలుగురం. నేను నల్లగొండలో. తమ్ముడొకడు మహబూబ్‌నగర్‌లో. హైదరాబాదులో నేస్తం ఒకడు. డాలస్‌లో మా బావ. ఆదివారం పూట నలుగురం కలిసి ఆడుకుంటాం. ఈసారి 'హానర్ మోడ్' అన్నాం. అంటే ఆట దాచుకోవడానికి ఒక్కటే చోటు. తప్పు చేసి వెనక్కి వెళ్దామంటే కుదరదు. జట్టంతా పడిపోతే ఆ పరువు పోయినట్టే. చివరిదాకా నిలిస్తే బహుమానం బంగారు పాచిక.

"నేను కత్తి తిప్పుత, తాళాలు గూడ తీస్త" అన్నాడు తమ్ముడు. ఫైటర్ 3, రోగ్ 2.

"నాకు మందూ గావాలె, మంత్రమూ గావాలె" అన్నాడు బావ. క్లెరిక్ 3, సార్సరర్ 2.

హైదరాబాదు నేస్తం బార్బేరియన్ 3, విజార్డ్ 2. నా వంతుకు మాంక్ 3, పలాడిన్ 2. నలుగురికీ నాలుగు డబుల్ యాక్షన్లు. పోస్టరు బ్రహ్మాండం!

ఐదో మెట్టు మీద ఉండగా కొండబాట దగ్గర వంతెన మీద గిత్‌యాంకీ సైనికులు ఎదురుపడ్డారు. మాటతో తప్పించుకుందామంటే పాచిక అడ్డం తిరిగింది. యుద్ధం మొదలైంది. వాళ్లు ఒక్క దూకుతో మా వెనక వరుస మీద పడ్డారు. నేస్తం కోపావేశం తెచ్చుకున్నాడు. ఆవేశంలో ఉన్న బార్బేరియన్‌కు మంత్రం పలకదు! రెండు మెట్లు ఖర్చుపెట్టి నేర్చిన విజార్డు విద్య అటకెక్కింది. నేను పలాడిన్‌ను గదా అని ఉక్కు కవచం తొడుక్కున్నాను. కవచం తొడిగితే మాంక్ నేర్పులు పనిచేయవు! తమ్ముడు ఒక వంతుకు ఒక్కటే దెబ్బ. బావ దగ్గర మూడో స్థాయి మంత్రాలు వేసేంత శక్తి ఉంది గాని, ఆ స్థాయి మంత్రం ఒక్కటీ రాదు. పెట్టె ఉంది, నగ లేదు!

పది నిమిషాల్లో నలుగురం నేల కరిచాం. అన్ని ఆదివారాల కష్టం గంగలో కలిసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి తమ్ముడు అన్నాడు:

"గిదేంది బావా? అందరం హీరోలమే గదా!"

"అందుకే సచ్చినం" అన్నాడు బావ.

సాగరు నీళ్లు అవే!

తప్పెక్కడ జరిగింది? నాగార్జునసాగర్ గట్టు మీద నిలబడ్డవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కుడి కాలువకు కొన్ని నీళ్లు, మన వైపు ఎడమ కాలువకు కొన్ని. మూడో కాలువ తవ్వితే తడిసే పొలం పెరుగుతుందేమోగాని, డ్యాములో నీళ్లు పెరగవు.

ఈ సిద్ధాంతం ఇవాళ్టిది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పాచికల ఆట వీటన్నిటికీ తల్లి. ఆ నియమాలతోనే 1998లో కెనడాకు చెందిన బయోవేర్ మొదటి 'బాల్డర్స్ గేట్' తీసింది. అందులో జట్టు ఆరుగురు. మనిషి కాని జాతులు, అంటే ఎల్ఫులు, మరుగుజ్జులు వగైరా, పుట్టుకతోనే రెండు మూడు క్లాసులు తీసుకోవచ్చు. అయితే సంపాదించిన అనుభవం క్లాసులన్నిటికీ సమానంగా పంచుకుపోయేది. అచ్చంగా కాలువల లెక్క. ఆ చిత్రంలో, కాదు కాదు, ఆ గేములో జహీరా అనే యోధురాలు ఫైటరూ డ్రూయిడూ కలిసిన పాత్ర. మనుషులకు మాత్రం వేరే చట్టం. మొదటి విద్య మానేసి రెండోది మొదలుపెట్టాలి. రెండోది మొదటిదాన్ని దాటేదాకా పాత విద్య వాడుకోవడానికి లేదు! దొంగగా మొదలైన ఇమోయెన్ 2000లో వచ్చిన రెండో భాగంలో మాంత్రికురాలిగా కనిపించింది ఈ దారిలోనే.

మూడో భాగంలో సమాన పంపకం లేదు. ఏ తూము ఎంత తెరవాలో మన ఇష్టం. స్వేచ్ఛ ఎక్కువ. బాధ్యతా ఎక్కువ!

ఐదో మెట్టు దగ్గర ఇంటర్వెల్

ప్రతి క్లాసుకూ ఇంటర్వెల్ ముందు వచ్చే అదిరిపోయే సీను ఒకటుంటుంది. అది ఐదో మెట్టు. ఫైటర్, పలాడిన్, రేంజర్, బార్బేరియన్, మాంక్... వీళ్లకు ఐదులో ఒక వంతుకు రెండో దెబ్బ వస్తుంది. అంటే బలం దాదాపు రెట్టింపు. విజార్డుకూ సార్సరర్‌కూ ఐదులోనే అగ్నిగోళం, మెరుపు బాణం వంటి మూడో స్థాయి మంత్రాలు. నాలుగో మెట్టులో 'ఫీట్' అనే ప్రత్యేక నేర్పు ఒకటి దక్కుతుంది. తర్వాత ఎనిమిదిలో ఒకటి, పన్నెండులో ఒకటి.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇవన్నీ పాత్ర మొత్తం మెట్లను చూసి రావు. ఆ క్లాసులో ఎక్కిన మెట్లను చూసి వస్తాయి. మూడూ రెండూ కలిపి ఐదని మనం లెక్క వేసుకుంటాం. గేము వేసుకోదు! అందుకే మా నలుగురిలో ఒక్కరికి ఫీట్ లేదు, రెండో దెబ్బ లేదు, అగ్నిగోళం లేదు. పేరుకు ఐదో మెట్టు, బలానికి మూడో మెట్టు.

ఇంకో సంగతి. రెండు క్లాసుల్లోనూ ఐదేసి మెట్లెక్కితే మూడు దెబ్బలు వస్తాయనుకునేరు. రావు. ఫైటర్ 5, పలాడిన్ 5 కలిపినా రెండు దెబ్బలే. ఒకే టిక్కెట్టు రెండుసార్లు కొన్నట్టు.

కాబట్టి మొదటి సూత్రం: ముందు ఒక క్లాసులో ఐదో మెట్టు దాకా నిటారుగా ఎక్కు. పక్కచూపులు ఆ తర్వాత.

గద్వాల చీర చెప్పిన రహస్యం

మహబూబ్‌నగర్ తమ్ముడు ఒకసారి ఇంట్లో పెళ్లికి గద్వాల చీరలు కొన్న సంగతి చెబుతూ ఉండగా నాకు తట్టింది. గద్వాల చీర ఎలా ఉంటుంది? చీరంతా నూలు. అంచులూ, కొంగూ పట్టు. రెండు జాతుల దారాలను అతుకు తెలియకుండా మగ్గం మీద కలపడమే అక్కడి నేతన్నల గొప్పతనం. ఒంటికి హాయిగా ఉండేది నూలు. పదిమందిలో మెరిసేది పట్టు. సగం చీర నూలు, సగం చీర పట్టు చేస్తే? ఎవరు కడతారండీ!

మల్టీక్లాస్ పాత్ర కూడా ఇంతే. చీర ఏది, అంచు ఏది అన్నది ముందే తేలాలి. 10 మెట్లు ఒకటి, 2 మెట్లు ఇంకొకటి. లేదా 9, 3. సగం సగం పెట్టాలంటే ఆ సగాలు రెండూ ఒకే దారంతో నేసినవై ఉండాలి.

ఆ దారమే ఆరు గుణాలు. బలం, చురుకు, దేహశక్తి, తెలివి, వివేకం, ఆకర్షణ. పాత్ర పుట్టేటప్పుడు పంచుకోవడానికి ఇచ్చేవి 27 పాయింట్లు మాత్రమే. పలాడిన్, సార్సరర్, బార్డ్, వార్లాక్... ఈ నలుగురి విద్యలూ నడిచేది ఆకర్షణ మీద. క్లెరిక్, డ్రూయిడ్, రేంజర్ మంత్రాలు వివేకం మీద. మాంక్‌కూ వివేకం కావాలి. విజార్డుకు తెలివి. ఒకే ఇంటివాళ్లను కలిపితే ఒకే గుణాన్ని పెంచుకుంటే సరిపోతుంది. వేర్వేరు ఇళ్లవాళ్లను కలిపితే రెండు గుణాలూ అరకొరే. బల్లమీద ఆడే పాచికల ఆటలో రెండు క్లాసుల ముఖ్య గుణాలూ 13కు తగ్గకూడదని కట్టడి ఉంది. కంప్యూటరు గేములో ఆ గేటు తీసేశారు. గేటు లేదు గనక గోతిలో పడటం మరీ తేలిక!

ఏది ముందు ఎత్తుకోవాలో కూడా చూసుకోండి. బరువైన కవచం తొడిగే హక్కు, దెబ్బలను తట్టుకునే ముఖ్య నైపుణ్యాలు మొట్టమొదటి క్లాసు నుంచే వస్తాయి. ఫైటర్‌గా పుట్టి విజార్డయినవాడు ఉక్కు కవచంలోనే మంత్రం వేస్తాడు. విజార్డుగా పుట్టి ఫైటర్ అయినవాడికి ఆ బరువు కవచం దక్కదు. మెట్ల లెక్క ఒకటే, జాతకాలు వేరు!

ఫ్రేములో ఒక్కసారి ఒక్కరే

డబుల్ యాక్షన్ చిత్రాల్లో అన్నదమ్ములిద్దరూ ఒకే హీరో అయినప్పుడు, షూటింగులో ఒకసారి ఒక్క వేషమే వేయగలడు గదా! ఇక్కడా అంతే. పాత్రకు ఎన్ని విద్యలున్నా ఒక వంతులో దొరికేది మామూలుగా ఒక యాక్షన్, ఒక బోనస్ యాక్షన్. కత్తి తిప్పితే మంత్రం లేదు. మంత్రం వేస్తే కత్తి లేదు. ఏకాగ్రతతో నిలబెట్టాల్సిన మంత్రాల్లో ఒక్కటే ఒకసారి నిలుస్తుంది.

అందుకని కొత్త క్లాసు తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్న "ఇది నాకు ఇంకో పని నేర్పుతుందా?" కాదు. "నేను రోజూ చేసే పనికి ఇది పదును పెడుతుందా?" అన్నది. పదును పెట్టే జంటలు మూడు చెబుతాను. మూడూ హిట్లే.

మొదటిది పలాడిన్, సార్సరర్. చెరి ఆరు మెట్లు. పలాడిన్ కత్తి దెబ్బకు దైవశక్తి జోడిస్తాడు. అందుకు మంత్రశక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి స్పెల్ స్లాట్లలో ఉంటుంది. తుపాకీలో తూటాలనుకోండి. పన్నెండు మెట్లూ పలాడిన్‌గా ఎక్కితే తూటాలు 10, అన్నీ మూడో స్థాయి లోపే. చెరి ఆరు చేస్తే 14, పైగా ఐదో స్థాయి దాకా! ఇద్దరికీ దారం ఆకర్షణే. పలాడిన్ ఆరులో వచ్చే రక్షణ వలయం పక్కన నిలబడ్డ జట్టువాళ్లను కూడా కాస్తుంది. పోగొట్టుకునేది? మూడు ఫీట్ల బదులు రెండే. పలాడిన్ పదకొండులో వచ్చే బలమైన దెబ్బ కూడా పోతుంది. ఏదీ ఊరికే రాదు.

రెండోది మాంక్ 9, రోగ్ 3. మాంక్ బోనస్ యాక్షన్‌తో జంట పిడిగుద్దులు గుద్దుతాడు. రోగ్ మూడో మెట్టులో 'థీఫ్' శాఖ తీసుకుంటే ఇంకో బోనస్ యాక్షన్ వస్తుంది. అంటే మళ్లీ జంట పిడిగుద్దులు! నేర్చింది దొంగ విద్య, పనికొచ్చింది ముష్టియుద్ధానికి. ఇదీ అంచు అంటే.

మూడోది క్లెరిక్ 2, సార్సరర్ 10. క్లెరిక్‌లో 'టెంపెస్ట్' అనే తుపాను శాఖ తీసుకోవాలి. రెండో మెట్టులో ఒక వరం. మెరుపు మంత్రం వేసినప్పుడు పాచికలతో పనిలేకుండా ఉన్నంత దెబ్బా తగిలించవచ్చు. మూడో స్థాయి మెరుపు బాణానికి ఎనిమిది పాచికలు, ఒక్కోదానికి 6. మొత్తం 48. శత్రువు తడిసి ఉంటే రెట్టింపు, 96! తప్పుకోగలిగితే అందులో సగం. మరి తడిపేదెవరు? ఆ పని ఇతడే చేస్తే ఒక వంతు వృథా. పక్కనున్న ఇంకో క్లెరిక్ నీళ్లు కురిపించాలి. ఇతడు మెరుపు దించాలి. మన పాలమూరు రైతుకు తెలిసిందే గదా, వాన తర్వాత పిడుగు!

జట్టే అసలైన డబుల్ యాక్షన్

ఇప్పుడు అసలు మాట. 'పాతాళ భైరవి'లో (1951) తోటరాముడు ఒక్కడే అన్నీ చేశాడా? పక్కన అంజి ఉన్నాడు. అంజి లేని రాముణ్ణి ఊహించగలమా? నలుగురి జట్టుకు మొత్తం 48 మెట్లు. ముందు నిలిచేవాడు, గాయం మాన్పేవాడు, తాళం తీసేవాడు, మాటతో పని సాధించేవాడు, దూరం నుంచి మంత్రం వేసేవాడు... ఈ పనులు జట్టులో ఉండాలి. ప్రతి మనిషిలోనూ ఉండనక్కర్లేదు. జట్టులో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడే రెండో విద్య. ఖాళీ లేకపోతే ఉన్నదాన్నే పన్నెండు దాకా ఎక్కించండి. ఒట్టి ఫైటర్ పదకొండో మెట్టులో మూడో దెబ్బ సంపాదిస్తాడు. ఆ మహాభాగ్యం డబుల్ యాక్షన్ వాళ్లలో 11, 1 వాడికి తప్ప దక్కదు.

కాంతారావుగారి జీవితంలోనూ ఈ పాఠం ఉంది. చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. కత్తి, చిడత, లక్ష్మణుడి విల్లు, ఇవన్నీ ఒకే నటన అనే దారంతో నేసినవి. కనుక నిలిచాయి. నిర్మాణం వేరే దారం. 1969లో 'సప్తస్వరాలు' తీశారు. నిర్మాత పాత్ర ఆయనకు అచ్చిరాలేదు. ఉన్న ఆస్తులు కరిగిపోయాయి. 2009లో కన్నుమూసేనాటికి జనం గుండెల్లో మిగిలింది నిర్మాత కాదు, కత్తి వీరుడు.

గేములో మాత్రం ఒక అదృష్టం ఉంది. కథ మొదట్లోనే ఒక పాత సమాధి గుహలో విథర్స్ అనే ఎండు శవం లాంటి పెద్దమనిషి లేచి వస్తాడు. 100 బంగారు నాణేలిస్తే ఏ పాత్రనైనా మొదటి మెట్టు నుంచి మళ్లీ తిరగరాసుకోవచ్చు. జీవితంలో అలాంటి పెద్దమనిషి దొరకడు. కాబట్టి ప్రయోగాలన్నీ అక్కడే చేసేయండి!

మళ్లీ అదే వంతెన

రెండో ఆట మొదలుపెట్టాం. ఈసారి మొదటి ఆదివారమంతా పంచాయితీ. తమ్ముడు ఒట్టి ఫైటర్. బావ ఒట్టి క్లెరిక్. నేస్తం ఒట్టి విజార్డ్. నేను పలాడిన్, సార్సరర్ చీర మీద ఆశ ఉన్నా, ఐదు దాకా ఒట్టి పలాడిన్. పోస్టరు చప్పగా ఉంది.

ఐదో మెట్టు మీద అదే వంతెన, అవే మొహాలు. నేస్తం అగ్నిగోళం విసిరాడు. తమ్ముడు రెండు దెబ్బలు, నేను రెండు. బావ ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. పడబోయినవాణ్ణల్లా నిలబెట్టాడు, అంతే. నాలుగో వంతుకల్లా వంతెన ఖాళీ!

"బావా, నువ్వు ఒక్కణ్ణి గూడ కొట్టలే" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

"మీరు పడలే గదా. నా సినిమా అదే" అన్నాడు బావ.

బంగారు పాచిక ఇంకా చేతికి రాలేదు. మా జట్టు ఇప్పుడు తొమ్మిదో మెట్టు మీద ఉంది. నా చీరకు అంచు నేత మొదలైంది. ఈ ఆదివారం ఏమవుతుందో చూడాలి. మీరూ మీ నలుగుర్నీ పోగుచేసుకుని కూర్చున్నారా? అయితే పాచిక వేసే ముందు ఒక్కమాట అడుక్కోండి: మీలో అంజి ఎవరు?